చేపలకు రాత్రి కట్టిన ఫిక్రియా

బతికున్న ఖారూస్ చేప నెత్తికి వెలుగు తగలనివ్వకుండా, దాని ప్రాణం పోకుండా రక్తం తీయగలగడం ఫిక్రియా మొదటి గెలుపు. దానికి ఆమెకు ఒక వేసవంతా పట్టింది. మొదట్లో చాలా చేపలు చచ్చాయి. మత్తుమందు కలిపిన నీళ్ళలో మునిగిన చేప తినడానికి పనికిరాదు కనుక, చచ్చినవాటిని ఆమె గట్టు మీద గొయ్యి తీసి పూడ్చేది. చేపను పూడ్చిపెట్టే మనిషిని ఈ సరస్సు మీద ఇప్పుడే చూస్తున్నామని మావాళ్ళు నవ్వేవారు. ఆమె పార పక్కన పెట్టి, మళ్ళీ తన చేపల షెడ్డులోకి పోయేది. వేసవి చివరికి చేపలు చావడం ఆగింది, నవ్వడమూ ఆగింది.

నేను మంజలా సరస్సు మీదా, దాని అవతలి సముద్రం మీదా నలభై ఏళ్ళు పడవ నడిపినవాణ్ణి. పడవ నాయకుణ్ణి కాబట్టి నన్ను ఈనాటికీ అందరూ రయీస్ అనే పిలుస్తారు. మసీదు పక్క బడిలో నేర్చుకున్న అక్షరాలే నా చదువు. అయినా ఈ ఊరి మత్స్యకారుల సంఘం నా చేతుల మీదే లేచింది. మంచు ఫ్యాక్టరీ నేను తెచ్చిందే. పిల్లచేపలను పెంచే కేంద్రం కోసం దొమ్యాత్ పట్నంలో ఆఫీసుల మెట్లు అరిగేలా తిరిగిందీ నేనే. కానీ ఆ కేంద్రం చివర నల్ల టార్పాలిన్లు కప్పుకుని ఒక పొడుగాటి షెడ్డు ఉంది. అది మాత్రం నా ఘనత కాదు. అది ఫిక్రియాది. ఆమె తన గురించి నలుగురికీ చెప్పుకునే మనిషి కాదు, చెప్పుకునే ఓపికా ఇప్పుడు ఆమెలో లేదు. కాబట్టి నేను రాస్తున్నాను.

ఆమె వలలు బాగుచేసే మన్సీ కూతురు. దొమ్యాత్ సాంకేతిక పాఠశాలలో చేపల పెంపకం చదివి డిప్లొమా తెచ్చుకుంది. మా ఊరి ఆడపిల్లల్లో ఆ చదువు చదివిన మొదటిది ఆమే. తల్లి మంచాన పడి ఉండగా, ఒక పక్క తల్లికి సేవ చేస్తూ ఇంకో పక్క కేంద్రంలో ఉద్యోగం చేసింది. తల్లి పోయాక ఇంట్లో మిగిలింది అన్నయ్యా, అతని సంసారమూ, పొద్దుపోయేదాకా మోగే టీవీ. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, 'ముందు నన్ను ఒక పూట నిద్రపోనివ్వండి' అనేది. అది హాస్యం అనుకునేవాళ్ళం.

ఖారూస్ చేప చలికాలంలోనే గుడ్లు పెడుతుంది. తీరమంతా పిల్లచేపలు ఒక్కసారే వచ్చిపడతాయి, తర్వాత ఏడాదంతా మా చెరువులు సగం ఖాళీగా ఉంటాయి. వేసవిలో కూడా గుడ్లు పెట్టించవచ్చని అలెగ్జాండ్రియా పరిశోధనా సంస్థ నుంచి వచ్చిన డాక్టర్ ఒల్ఫత్ చెప్పింది. సంఘం గదిలో అందరం టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం.

"చేప నెత్తి మీద చర్మం పలచగా ఉంటుంది. కింద ఎముకలోంచి వెలుగు దిగుతుంది," అందామె. "దాని కింద ఆవగింజంత అవయవం ఉంది. అది వెలుగును పసిగడుతుంది."

"అంటే నెత్తి మీద ఇంకో కన్నా?" అని అడిగాడు మా కాపలాదారు బర్హామీ.

"కన్నులాంటిదే బాబాయ్. బొమ్మ కనపడదు. పగలా, రాత్రా, అంతవరకే తెలుస్తుంది."

"మా బావమరిదికి ఉన్న రెండు కళ్ళకీ అంతకంటే ఏమీ తెలీదు," అన్నాడు బర్హామీ. గదంతా నవ్వింది.

ఆ రోజు ఒల్ఫత్ చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. ఆ అవయవంలో కణాలు ఉంటాయి. చీకట్లో ఆ కణాల తలుపులు తెరుచుకుని ఉంటాయి. బయటి నుంచి కాల్షియం లోపలికి నడుస్తుంది. దాంతో కణం లోపల ఒక వార్తాహరుడిలాంటి పదార్థం పెరుగుతుంది. ఆ వార్త అందుకుని ఒక ఎంజైము పనికి కూర్చుంటుంది. మెలటోనిన్ తయారయ్యేది దాని చేతిలోనే. ఆ మెలటోనిన్ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి రాత్రయిందని చాటుతుంది. రాత్రి ఎంత పొడుగో చేప ఒంటికి తెలిసేది దీనివల్లే. పొడుగాటి రాత్రులు వరసగా వస్తే చలికాలమని నమ్మి కడుపులో గుడ్లు నింపుకుంటుంది. మధ్యలో వెలుగు పడిందా, తలుపులు మూసుకుంటాయి, వార్త ఆగిపోతుంది. అంతటితో సరిపోదు. పనిచేస్తున్న ఆ ఎంజైమును కణమే ముక్కలు చేసి పారేస్తుంది. మళ్ళీ చీకటి పడ్డాక కొత్తది కట్టుకోవాలి.

"కట్టింది కట్టినట్టే కూల్చేస్తుందా? మా మునిసిపాలిటీ లాంటి కణమన్నమాట," అన్నాడు బర్హామీ.

ఆ మనిషి ఒకప్పుడు పడవ నడిపేవాడు, తెరచాపలూ కుట్టేవాడు. ఫిక్రియా అడిగితే షెడ్డుకు నల్ల టార్పాలిన్లు ఆయనే కుట్టాడు. లోపలికి వెళ్ళే దారిని రెండు మలుపులు తిప్పి, మలుపు మలుపుకీ తెర వేలాడదీశాడు. పెద్ద చేపలను లోపలి తొట్లలో దించారు. నీళ్ళు చల్లబరిచే యంత్రం పెట్టారు. లోపలి రోజును ఫిక్రియా తలకిందులు చేసింది. పొద్దున్న మేం ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ తిని పనికి బయల్దేరే వేళకి షెడ్డులో పొద్దు గుంకేది. రాత్రి ఇషా నమాజు అయ్యాక అక్కడ దీపాలు వెలిగి తెల్లవారేది. అలా చేస్తే ఆడవాళ్ళు రాత్రిళ్ళు పనికి రానక్కర్లేదని ఆమె లెక్క. కానీ ఆ పగటి రాత్రిలో చిన్న ఎర్ర టార్చీతో తొట్ల మధ్య తిరిగింది మాత్రం ఆమె ఒక్కతే. సాయంత్రం ఆమె బయటికి వచ్చేసరికి సూర్యుడు సరస్సులో దిగిపోతూ ఉండేవాడు. ఇంటికెళితే టీవీ. మంచం మీద వాలినా నిద్ర పట్టేది కాదు. కళ్ళ కింద మచ్చలు పడ్డాయి. ఎవరైనా పిలిస్తే కాస్త ఆలస్యంగా తల తిప్పేది.

సంఘానికి ఇప్పటి అధ్యక్షుడు షెహాతా. నా తర్వాత వచ్చినవాడు, మంచివాడు, కానీ తొందర మనిషి. రక్తం తీయడం పట్టుబడిన మరుసటి ఏడు మొదట్లో, సభలో ఆయన తేల్చి చెప్పేశాడు.

"ఆగస్టు ఆఖరి సభలోపు గుడ్లు కనపడాలమ్మాయ్. లేదంటే ఆ పెద్ద చేపల్ని బజారుకి తోలేస్తాం. షెడ్డు మంచు దాచుకోడానికి పనికొస్తుంది."

"సరే," అంది ఫిక్రియా.

"సరే అంటే? ఇంకేం అడగవా?"

"అడిగితే గడువు పెంచుతావా షెహాతా అన్నయ్యా?"

"పెంచను."

"అందుకే సరే అన్నాను."

మే నెలలో ఆమె షెడ్డులో రాత్రులు పొడుగు చేయడం మొదలుపెట్టింది. జూన్ మొదట్లో బర్హామీ పోయాడు. షెడ్డును ఆనుకుని ఉన్న, కిటికీ లేని పంపు గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. టీ గ్లాసు చేతిలోనే ఉంది. ఆయనను పాతిపెట్టి, చావింట ఇచ్చే చక్కెర లేని కాఫీ తాగి వచ్చాం. ఆయన భార్య హాజ్జా తఫీదా మా ఆచారం ప్రకారం ఆయన ఊపిరి ఆగిన చోటనే దీపం పెట్టింది. గాజు గిన్నెలో నూనె, అందులో తేలే ఒత్తి, పక్కన ఆయనకోసం గ్లాసుడు నీళ్ళు. నలభైయవ రోజు దాకా అది ఆరకూడదు. రోజూ మధ్యాహ్నం నమాజు తర్వాత ఆమె వచ్చి నూనె పోసేది. నా స్నేహితుడి కుర్చీ పక్కన నేనూ కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి.

జూన్ చివర్లో రక్తం నమూనాలు అలెగ్జాండ్రియాకు వెళ్ళాయి. ఒల్ఫత్ ఫోన్ చేసింది. దూరపు తొట్లలోని చేపలకు చీకటి వేళ మెలటోనిన్ బాగానే ఉంది, పంపు గది వైపు తొట్లలోని చేపలకు మాత్రం పట్టపగలు ఉన్నంతే ఉంది. అంటే ఆ వైపు ఎక్కడినుంచో వెలుగు దూరుతోంది.

వెతికాం. షెడ్డు మూసి, ఫిక్రియా, నేను, షెహాతా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లోపల చీకట్లో కళ్ళు అలవాటు పడేదాకా కూర్చున్నాం. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. సూది మొనంత కంత ఉన్నా నక్షత్రంలా మెరవాలి. రెండు మూడు కనపడ్డాయి, తారు పూసి మూసేశాం. షెహాతా మోకాళ్ళు పట్టుకుని, 'నా సొంత ఇంట్లో కూడా ఇంత చీకటి లేదు' అని గొణిగాడు. పంపు గది వైపు పైపులు వచ్చే చోట గోడకు జాలీ ఉంది, అవతల గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. దాని మీద పసుపు రంగు మసక కనిపించినప్పుడల్లా ఎవరో ఒకరు 'అల్లా ఆయన్ని కరుణించుగాక' అనేవారు, మిగతావాళ్ళం 'ఆమీన్' అనేవాళ్ళం. మళ్ళీ తలెత్తి టార్పాలిన్‌లో కంతలు వెతికేవాళ్ళం.

అది వెలుగు అని మాలో ఒక్కరికీ తట్టలేదు. మాకు అది బర్హామీ.

మరోసారి నమూనాలు వెళ్ళాయి. జవాబు అదే. చల్లబరిచే యంత్రం మీద అనుమానపడ్డాం, మేత మీద అనుమానపడ్డాం, చివరికి చేపల వయసు మీద కూడా అనుమానపడ్డాం. ఫిక్రియా అన్నీ మళ్ళీ మొదటినుంచి చూసింది. ఆ రోజుల్లో ఆమె నడక చూస్తే నాకు, తుఫానులో రెండు రోజులు చుక్కాని వదలకుండా వచ్చిన మనిషి రేవులో దిగి నడిచే నడక గుర్తొచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె కళ్ళు మండి, ఎర్ర టార్చీ ఆర్పేసి తొట్టి అంచు మీద తల ఆనించుకుందట. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తొట్టి తెల్లటి గోడ మీద ఆమె వేళ్ళ నీడ ఉంది. వేలు కదిపితే నీడ కదిలింది. నీడ ఉన్నదంటే దాని వెనక వెలుగు ఉండాలి. తల తిప్పి చూస్తే జాలీ, జాలీ వెనక దీపం. ఇదంతా ఆమె తర్వాత నాతో చెప్పింది. సంతోషం కలగలేదట. ఇప్పుడు ఈ సంగతి తఫీదాతో ఎవరు చెప్పాలి అని మాత్రమే అనిపించిందట.

ఒల్ఫత్‌కు ఫోన్ చేసింది. నలభై రోజులూ ఆగితే ఆ వైపు చేపలకు ఈ ఏడాది ఇక చలికాలం లేనట్టే, గుడ్లు నింపుకోవలసిన రోజులు ఇవేనని ఒల్ఫత్ చెప్పింది. ఎక్కువ పెద్ద చేపలు ఉన్నది ఆ వైపే.

మర్నాడు తఫీదా నూనె సీసాతో వచ్చినప్పుడు నేను బర్హామీ కుర్చీ పక్కనే ఉన్నాను. ఫిక్రియా గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, కాస్త కూర్చో. ఒక మాట చెప్పాలి."

"కూర్చుంటే లేవలేను. నిలబెట్టే చెప్పు."

"దీపం గురించి."

"ఏం, నూనె తగ్గిందా? నిన్ననే నిండా పోశానే."

"తగ్గలేదు పిన్నీ. అదే వచ్చిన తంటా."

తఫీదా సీసా కింద పెట్టింది. ఫిక్రియా సంగతంతా చెప్పింది.

"దీపం ఇక్కడ, నీ చేపలు గోడ అవతల, అదీ నీళ్ళలో," అంది తఫీదా. "వాటికీ దీనికీ ఏంటే సంబంధం?"

"వాటి నెత్తికి తెలుస్తుంది. వెన్నెలంత వెలుగు చాలు, తెల్లారిందనుకుంటాయి."

"ఓహో! చేపలకి నిద్ర చెడిందని నా మొగుడి దీపం ఆర్పాలా? నలభై ఏళ్ళు ఆయన చేపల్ని తిని బతికాడు. ఇప్పుడు చేపలు ఆయన్ని తినడానికొచ్చాయన్నమాట."

"ఆర్పమని నేననలేదు."

"మరేమంటున్నావ్?"

"ఏమీ అనట్లేదు పిన్నీ. ఏం చెయ్యాలో తెలీక నీకు చెప్తున్నా. ఆ తెరలు కుట్టింది బాబాయే. చీకటి ఆయన చేతిదే, దీపం ఆయనదే. రెంట్లో దేన్ని ముట్టుకోనూ? నాకిక ఓపిక లేదు."

ఇలా అంటూనే ఆమె గుమ్మానికి ఆనుకుని నేల మీద కూలబడింది. తఫీదా వంగి ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఒసేయ్, అద్దంలో మొహం చూసుకున్నావా ఈమధ్య? చచ్చింది ఆయనా నువ్వా?"

"తెలీట్లేదు పిన్నీ."

నేను కల్పించుకోబోయాను. "తఫీదా, సంఘం తరఫున నేను..."

"రయీస్, నువ్వు నోరు మూసుకో. నీ సంఘం ఆయన బతికుండగా ఆయనకి కుర్చీకి మెత్త కూడా ఇవ్వలేదు."

నోరు మూసుకున్నాను.

తఫీదా దృష్టి ఫిక్రియా నడుముకు వేలాడే టార్చీ మీద పడింది. "దీపం కూడదంటావ్, మరి దీంతో ఎలా తిరుగుతున్నావ్ లోపల? ఇది వెలుగు కాదా?"

"అది ఎర్రది. నీలం, ఆకుపచ్చ వాటికి బాగా తగులుతాయి. ఎర్రది అంతగా తెలీదు. అదీ కిందికి తిప్పి పట్టుకుంటాను."

తఫీదా ఆ టార్చీ వెలిగించి, ఆర్పి చూసింది. నూనె పోసి, నీళ్ళ గ్లాసు మార్చి, వెళ్ళిపోయింది. ఆ పూట దీపం వెలుగుతూనే ఉంది. ఫిక్రియా దాన్ని ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. గుడ్డ ఒకటి జాలీకి అడ్డం కడదామన్నాను. 'పిన్నికి చెప్పకుండా వద్దు' అంది. అదీ కాక పైపులు అక్కడ చెమ్మ కక్కుతాయి, గుడ్డ నిలవదు.

మర్నాడు తఫీదా మామూలు వేళకంటే ముందే వచ్చింది. చంకలో పాత దుప్పటి మూట. విప్పితే అందులో పడవ ఎడమ పక్కన కట్టే లాంతరు, ముదురు ఎర్ర అద్దాలది. బర్హామీ తన పడవ అమ్మినప్పుడు కొన్నవాడు లాంతరు కూడా అడిగితే తఫీదా ఇవ్వనందట. ఈ సంగతి నాకూ తెలియదు.

"సముద్రం మీంచి పడవలన్నీ వరసగా వచ్చేవి," అంది ఆమె, అద్దం కొంగుతో తుడుస్తూ. "అందరి దీపాలూ ఎర్రవే. కానీ దీని అద్దం ఒక మూల పగిలి ఉండేది, ఆ పగులుతో ఆయన పడవ గుర్తుపట్టేదాన్ని. ఇప్పుడు ఆ పగులు ఎటు తిప్పాలో చెప్పవే."

"జాలీ లేని గోడ వైపు పిన్నీ."

ఒత్తి దీపం ఆరకుండా దాని మంటతోనే లాంతరు వెలిగించింది. ఆ తర్వాతే గాజు గిన్నెలో ఒత్తిని ముంచింది. లాంతరు ముఖం ఆ గోడ వైపుకు తిప్పింది. ఫిక్రియా షెడ్డులోకి వెళ్ళి, చీకట్లో చాలాసేపు ఉండి వచ్చి, నీడ కనపడలేదని చెప్పింది.

ఊరు ఊరుకుంటుందా. పొరుగావిడ ఒకతె తఫీదాను రొట్టెల పొయ్యి దగ్గర పట్టుకుంది. "పోయినవాడికి ఎర్ర దీపమేంటమ్మా, పెళ్ళివారింట్లోలా?"

"ఆయన్ని నేను చేసుకున్నదీ పెళ్ళేగా," అంది తఫీదా. "రొట్టె మాడుతోంది, చూసుకో."

తర్వాతి నమూనాల జవాబు జూలైలో వచ్చింది. పంపు గది వైపు చేపల రక్తంలో చీకటి వేళ మెలటోనిన్ పెరిగింది. దూరపు తొట్లంత కాదు గానీ పెరిగింది. షెహాతాకు చెబితే, 'రక్తంలో ఏముంటే నాకేం, గుడ్లేవి' అన్నాడు. అన్న మాట నిజమే. నలభైయవ రోజు వచ్చింది, ఖురాను చదివించాం, లాంతరును తఫీదా ఇంటికి తీసుకుపోయింది. ఫిక్రియా మాత్రం రోజూ మధ్యాహ్నం ఆ చీకట్లోకి పోతూనే ఉంది. ఆగస్టు ఎండ టార్పాలిన్ మీద కొడుతుంటే లోపల చల్లటి చీకట్లో ఆమెకు జలుబు చేసింది. దగ్గుతూ తిరిగింది.

మొదటిసారి వచ్చిన గుడ్లు తొట్టి అడుక్కి దిగిపోయాయి, తెల్లగా, చచ్చి. ఆమె వాటిని గొట్టంతో తోడి పారబోసి, తొట్టి కడిగి, మళ్ళీ నీళ్ళు పట్టింది. "రాకపోయినా బాగుండేది, ఆశ పుట్టించాయి," అంది నాతో.

సభ రోజు పొద్దున్న తఫీదా కూడా కేంద్రానికి వచ్చింది. షెహాతా, నలుగురు సభ్యులు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. పొర్లిన నీళ్ళు పడే వల సంచిని ఫిక్రియా పైకి తీసి, గాజు జాడీలోకి వంచి, బయటి వెలుగులోకి తెచ్చింది. నీటి పైన పలచటి పొరలా గుడ్లు తేలుతున్నాయి. ఒక్కొక్క దానిలో ఒక నూనె చుక్క. దోసెడు ఉంటాయేమో.

షెహాతా జాడీ మీద వంగి చూశాడు. "తేలితే బతికున్నట్టేనా?"

"తేలితే బతికున్నట్టే."

"ఇంతేనా మరి?"

"ఈ ఏడు ఇంతే. ఆ వైపు చేపలకి మధ్యలో రాత్రులు పోయాయి. వచ్చే ఏడు ఇంకాస్త."

షెహాతా తల గోక్కున్నాడు. ఆగస్టు నెలలో ఖారూస్ గుడ్డు మా సరస్సు ఒడ్డున ఎవరూ చూడలేదు, వాళ్ళ తాతలూ చూడలేదు. ఆ మాట నేనే పైకి అన్నాను, గట్టిగానే అన్నాను. సభలో చేతులు లేచాయి. షెడ్డు షెడ్డుగానే ఉంటుందని రాసుకున్నారు. ఎవరో దొమ్యాత్ నుంచి మెషబ్బిక్ మిఠాయి తెప్పించారు, పాకం చేతులకు అంటుకుంటుంటే అందరూ తిన్నారు.

"ఏం కావాలమ్మాయ్, అడుగు," అన్నాడు షెహాతా, మూతి తుడుచుకుంటూ. "సంఘం ఇస్తుంది."

ఫిక్రియా మెషబ్బిక్ ముక్క చేతిలో పట్టుకుని ఉంది, తినలేదు. "నిద్ర," అంది.

కొందరు నవ్వారు. తఫీదా నవ్వలేదు. "నవ్వుతారేంటి? అది అడిగింది ఇవ్వండి."

సభకని అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన ఒల్ఫత్ ఫిక్రియా భుజం మీద చెయ్యి వేసింది. "మన ఒంట్లోనూ ఆ అవయవం ఉంది ఫిక్రియా. కాకపోతే మనకి అది మెదడు లోతుల్లో ఉంటుంది, నెత్తి మీద కిటికీ లేదు. పగలో రాత్రో దానికి కళ్ళే చెప్పాలి. నీ కళ్ళు ఎన్నాళ్ళుగానో దానికి తప్పుడు కబురే చెప్తున్నాయి. వెళ్ళి కొన్నాళ్ళు ఎండలో కూర్చో. రాత్రి చీకట్లో పడుకో."

"షెడ్డు?"

"షెడ్డు నేను చూస్తానే," అంది తఫీదా. "తెర ఎత్తిన వెధవ ఎవడైనా సరే, చెప్పు తీసుకు కొడతాను."

అన్నట్టే చేస్తోంది. ఇప్పుడు బర్హామీ కుర్చీలో ఆమె కూర్చుంటోంది. నిన్న షెహాతా పొరపాటున ఫోన్ వెలిగించుకుని మొదటి మలుపు దాటబోతే, "అధ్యక్షా, ఆ వెలుతురు జేబులో పెడతావా, సరస్సులో పడెయ్యనా?" అని కేకేసింది. ఆయన వెనక్కి నడిచి వచ్చేశాడు. తొట్ల పని చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళకు ఎర్ర టార్చీ ఎలా పట్టుకోవాలో ఫిక్రియా వెళ్ళేముందు నేర్పి వెళ్ళింది. ఊరి ఆడపిల్లల్లో డిప్లొమా తెచ్చుకున్న మొదటిది, చేపకు వెలుగు తగలకుండా రక్తం తీసిన మొదటిది, వేసవిలో ఖారూస్ గుడ్డు చూపించిన మొదటిది. ఇన్నిటిలో మొదటిదైన మనిషి బస్సెక్కేటప్పుడు మెట్టు అందక నా చెయ్యి పట్టుకుంది.

ఫిక్రియా పడమటి తీరాన మర్సా మత్రూహ్‌లో, పెళ్ళయి వెళ్ళిన చెల్లెలి ఇంట్లో ఉంది. పొద్దున్నే మేడ మీద ఎండలో కూర్చుంటోందనీ, పొద్దుగుంకాక త్వరగా పడుకుంటోందనీ, మొదటి వారమంతా మాత్రం పడుకుని మేలుకునే ఉందనీ చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. మొన్న మొట్టమొదటిసారి తెల్లవారేదాకా కదలకుండా నిద్రపోయిందట. తొందరపడి రావద్దని సంఘం తరఫున నేనే చెప్పాను. అక్టోబరు ఇరవై ఐదున వస్తుంది.